తండా ఒకప్పుడు నడిచేది

(యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 జై సేవాలాల్.

 తీజ్ గురించి, మన పాట గురించి, మన ఆట గురించి మాట్లాడేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. మేము మాత్రం రోడ్డు గురించి మాట్లాడదామని వచ్చాం.

సంస్కృతి సభలో రోడ్డు ముచ్చట ఏందని మీలో కొందరు నవ్వుకుంటుండవచ్చు. ఒక్క మాటతో మొదలుపెడతాం. ఆ మాట ‘తండా’. ఈరోజు తండా అంటే మనకు ఇండ్లు, వాకిళ్లు, వేపచెట్టు, సేవాలాల్ గుడి గుర్తుకొస్తాయి. కానీ మన తాతల తాతలు ఆ మాట అన్నప్పుడు వాళ్ల కండ్ల ముందు ఊరు లేదు. వేల ఎడ్లు, వాటి వీపుల మీద గోనెలు, వెంట పిల్లాజెల్లా, ముందు నాయక్. అదే తండా. అంటే నడిచే గుంపు. తండా ఒకప్పుడు నడిచేది. అది ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అని అడిగితే జవాబు రోడ్డు దగ్గర దొరుకుతుంది. అందుకే మన చరిత్ర చెప్పాలంటే రోడ్డు చరిత్ర చెప్పక తప్పదు.

ముందు మన మూడు జిల్లాలను కలిపే దారి ఏదో ఒకసారి చూద్దాం. జనగామలో బయలుదేరితే దేవరుప్పుల మీదుగా పాలకుర్తి, అక్కడి నుంచి తొర్రూరు, నెల్లికుదురు దాటి మానుకోట. మహబూబాబాద్ అని బోర్డు మీద రాసినా మన నోట్లో అది మానుకోటే. మానుకోట నుంచి గూడూరు, నర్సంపేట, నల్లబెల్లి మీదుగా మల్లంపల్లి. అక్కడ ములుగు రోడ్డెక్కి, ములుగు చేరి, గణపురం మీదుగా పోతే భూపాలపల్లి. పాతకాలం చదువుల్లో ఇదంతా వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు కూడా వేరైంది. ఇప్పుడు ఈ ఒక్క దారిలో పోతే జనగామ, మహబూబాబాద్, వరంగల్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి అని ఐదు జిల్లాలు తగులుతాయి. మన చుట్టరికాలకు మాత్రం ఈ సరిహద్దులు తెలియవు. జనగామ పిల్లను గూడూరు తండాకు ఇస్తాం, గణపురం పిల్లను నెల్లికుదురుకు తెచ్చుకుంటాం. పెండ్లి పత్రికలు తిరిగే దారి ఇదే.

ఈ దారి మొత్తానికి ఒక పేరు లేదు, ఒక యజమాని లేడు. మానుకోట నుంచి మల్లంపల్లి దాకా ఉన్నది 365 నంబరు జాతీయ రహదారి. అది నకిరేకల్ దగ్గర మొదలై మరిపెడ మీదుగా మానుకోటకు వస్తుంది. జనగామ మీదుగా పోయేది 163, పాతరోజుల్లో దాని నంబరు 202. అదే హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోతుంది. తొర్రూరులో వరంగల్–ఖమ్మం రోడ్డు అడ్డం వస్తుంది, దాని నంబరు 563. భూపాలపల్లి మీదుగా పోయేది 353సి. అది పరకాల నుంచి మహాదేవపూర్ దాకా వచ్చి, గోదావరి దాటి మహారాష్ట్ర సిరొంచకు పోతుంది. మధ్య ముక్కలు కొన్ని ఆర్ అండ్ బీ వాళ్లవి, తండాల్లోకి చీలిపోయే దారులు చాలావరకు పంచాయతీరాజ్ వాళ్లవి. ఈ లెక్క ఎందుకు చెబుతున్నామంటే, గుంత పడ్డప్పుడు ఏ ఆఫీసు మెట్లెక్కాలో తెలియక మన వాళ్లు సగం జీవితం తిరుగుతూనే ఉంటారు. ముందు ఈ ముక్క ఎవరిదో తెలుసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇప్పుడు వెనక్కి పోదాం. 17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి వజ్రాల కోసం గోల్కొండకు వచ్చి, మన దేశపు దారుల గురించి రాశాడు. పది వేలు, పన్నెండు వేల ఎడ్ల బిడారులు బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుంటూ పోవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఇరుకు దారిలో అలాంటి బిడారు ఎదురైతే అది దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని రాశాడు. ఆ బిడారులు మనవి. మొగలు సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వాటికి తిండిగింజలు మోసినవి కూడా మన బిడారులే. దొరలైనా, సైన్యమైనా మన తండా దాటేదాకా పక్కకు జరిగి నిలబడ్డ కాలం ఒకటుండేదని మీరు గుర్తుపెట్టుకోవాలి.

మన భాషలో ఆ వ్యాపారం పేరు లదేణి. తూర్పు తీరం నుంచి ఉప్పు లోపలికి వచ్చేది, లోపలి నుంచి ధాన్యం బయటికి పోయేది. దీనికి తారు రోడ్డు అక్కరలేదు, వంతెన అక్కరలేదు. ఎడ్లు మేసుకుంటూ నడిచేవి. కాబట్టి దారికి కావలసినవి మూడే: గడ్డి, నీళ్లు, రాత్రి దిగడానికి ఎత్తయిన జాగా. పాకాల చెరువు, రామప్ప చెరువు, గణపురం చెరువు కాకతీయుల కాలం నుంచి ఉన్నాయి. పాకాల, రామప్ప రెండూ 1213 ప్రాంతానివి. సాగు కోసం కట్టిన ఆ నీళ్లే దారిన పోయే పశువుల దాహమూ తీర్చాయి. వానకాలం వాగులు పొంగితే తండా ఒక చోట దిగి, వానలు వెనకపట్టేదాకా అక్కడే ఉండేది. దారి ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో నాయక్, కారభారి కూర్చుని నిర్ణయించేవాళ్లు. ఈ చివరి మాట మరిచిపోకండి. దారి నిర్ణయం మన చేతిలో ఉన్న కాలం అది.

ఆ నిర్ణయం చేయి జారింది రైలుతో. నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. ఆ పట్టాలు జనగామ, కాజీపేట, మానుకోట, డోర్నకల్ మీదుగా సాగి 1889లో బెజవాడ చేరాయి. జనగామ స్టేషన్, మానుకోట స్టేషన్ ఆ పట్టాల మీదివే. ఎక్కడ మన ఎడ్లు ఉప్పు మోశాయో, దాదాపు ఆ దిక్కునే రైలు పెట్టె ఉప్పు మోసింది. వేల ఎడ్లు నెలల తరబడి మోసేది రైలు రోజుల్లో మోసేసింది. ఒక్క తరంలో లదేణి కూలిపోయింది.

అంతకుముందే, 1871లో, బ్రిటిష్ పాలకులు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. స్థిరంగా ఒక చోట ఉండని జనాన్ని పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టే చట్టం అది. దేశంలో చాలా చోట్ల బంజారాలను ఆ జాబితాలో ఎక్కించారు. ఒక చేత్తో పని లాక్కుని, ఇంకో చేత్తో నడవడమే నేరం అన్నారు. ఆ చట్టం స్వతంత్రం వచ్చిన ఐదేండ్లకు, 1952 ఆగస్టు 31న పోయింది. ఇప్పటికీ దేశమంతా విముక్త జాతుల వాళ్లు ఆ రోజును జరుపుకుంటారు.

నడిచే తండా అలా నిలిచింది. ఎక్కడ నిలిచింది? మంచి నల్లరేగడి, చెరువు కింది పొలం అప్పటికే ఊళ్ల చేతిలో ఉన్నాయి. మనకు మిగిలింది ఊరికి దూరంగా గుట్ట పక్క, అడవి అంచు, చౌడు నేల. మన తండాల పేర్లు చూడండి. పడమటి తండా, గుట్ట తండా, పెద్ద తండా, చిన్న తండా. పడమటి తండా ఎవరికి పడమర? ఊరికి పడమర. అంటే ఆ పేరు పెట్టినవాడు ఊళ్లో నిలబడి మన వైపు చేయి చూపించాడు. తర్వాత రోడ్డు వేసినప్పుడు కూడా అదే జరిగింది. రోడ్డు ఊరి నుంచి ఊరికి పోయింది. తండా పక్కన ఉండిపోయింది.

1932లో నిజాం ప్రభుత్వం రైల్వేతో కలిపి రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులతో మొదలుపెట్టింది. దేశంలో ప్రభుత్వం నడిపిన తొలి బస్సుల్లో అవి ఉన్నాయి. ఇప్పటి ఆర్టీసీకి అదే మూలం. రోడ్డున్న తాలూకా పట్నాలకు మెల్లగా బస్సులు వచ్చాయి. అదే సమయంలో ఆ రోడ్ల పక్కనున్న ఊళ్లలో దొరల గడీలు ఉన్నాయి, వెట్టి ఉంది. దొర బండికి ముందు పరుగెత్తినవాళ్లలో, కట్టె మోసినవాళ్లలో మన వాళ్లూ ఉన్నారు.

అందుకే పోరాటం వచ్చినప్పుడు మన దారి మీదే వచ్చింది. దేవరుప్పుల నుంచి పాలకుర్తి పోయే వైపు కడవెండి, విసునూరు ఉన్నాయి. అప్పుడు జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొరకు వదలనని నిలబడింది. అక్కడికి దగ్గరలోని ధర్మాపురం తండాలో మన జాటోతు ఠాను నాయక్ భూమి కోసం తండాలను కూడగట్టాడు. 1950లో ఆయన్ను చంపేశారు. పాఠ్యపుస్తకంలో కొమరయ్య పేరు, ఐలమ్మ పేరు మీరు చదివి ఉంటారు. ఠాను నాయక్ పేరు కూడా చదివేలా చేయాల్సింది మీరు. మూడు పేర్లూ ఒకే దారిలో ఉన్నాయి. ఒక రోజులో మూడు చోట్లకూ పోయి రావచ్చు.

ఆ రోజుల్లో రోడ్డు అంటే మన వాళ్లకు భయం. రోడ్డు మీద వచ్చేది రజాకార్ల లారీ, తర్వాత సైన్యం జీపు. అందుకే రోడ్లకు కందకాలు తవ్వారు, చెట్లు కూల్చి అడ్డం వేశారు. సైన్యం వచ్చాక ములుగు, నర్సంపేట, మానుకోట అడవుల్లో విడివిడిగా ఉన్న గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని ఒక దగ్గరికి చేర్చి కాపలా పెట్టారు. అడవిలో దళాలకు అన్నం పెట్టకుండా చేయడానికి. కోయ అన్నదమ్ములు ఆ బాధ ఎక్కువ పడ్డారు. రోడ్డు వస్తే మంచే జరుగుతుందని మన ముసలివాళ్లు అంత తొందరగా ఎందుకు నమ్మరో దీనివల్ల మీకు అర్థం కావాలి. అది అమాయకత్వం కాదు, వాళ్ల అనుభవం.

ఇక్కడ మన పక్కవాళ్ల దారి ఒకటి చెప్పాలి. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో పూనుగొండ్ల ఉంది. రెండేండ్లకోసారి మాఘ పున్నమికి మేడారం జాతర వచ్చినప్పుడు, పూనుగొండ్ల నుంచి పెనక వంశం కోయ పూజారులు పగిడిద్దరాజును తీసుకుని అడవి దారిన కాలినడకన మేడారం పోతారు. ఇప్పుడు బస్సులున్నాయి, కార్లున్నాయి, జాతరకు నాలుగు దిక్కులా తారు రోడ్లున్నాయి. అయినా దేవుడు నడిచే పోతాడు. ఆ దారిలో ఎక్కడ ఆగాలో, ఏ వాగు ఎక్కడ దాటాలో వాళ్లకు తరతరాలుగా తెలుసు. ఎవరూ అడగకపోయినా వాళ్లు తమ దారిని గుర్తుపెట్టుకున్నారు. మన లదేణి దారులు మనకు గుర్తున్నాయా? మన తాతలు ఏ చెరువు కట్ట మీద దిగారో, ఏ వాగు దాటారో చెప్పగలిగే ముసలివాళ్లు ప్రతి తండాలో ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్లు పోతే ఆ దారి పోయినట్టే.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు వచ్చింది. చదువు, ఉద్యోగం దారులు తెరుచుకున్నాయి. కానీ ఆ చదువు దాకా పోయే దారి చాలా తండాలకు ఇరవయ్యేండ్లు ఆలస్యంగా వచ్చింది. ఇక్కడున్న యాడీలను అడగండి. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద పండబెట్టి, నలుగురు మోసుకుంటూ, బురదలో తారు రోడ్డు దాకా తెచ్చిన రోజులు వాళ్లకు తెలుసు. 108 బండి వచ్చాక కూడా అది రోడ్డు దాకానే వస్తుంది. రోడ్డు లేని తండాకు 108 నంబరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. వాగు పొంగిన రోజు బడికి పోలేదు కాబట్టి ఆడపిల్ల చదువు ఆగింది. ఒకరోజు ఆగితే నష్టం లేదు. నెలలో పది రోజులు ఆగితే ఇంట్లో ‘ఇక చాలు’ అంటారు. తండాకూ రోడ్డుకూ మధ్యనున్న ఆ రెండు కిలోమీటర్లు ఎంతమంది అక్కల చదువును మింగాయో ఎవరూ లెక్క రాయలేదు.

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. దాని నియమం మీరందరూ నేర్చుకోవాలి, పరీక్షకు చదివినట్టు చదవాలి. మైదాన ప్రాంతంలో 500 జనాభా ఉన్న ఆవాసానికి, ఐదో షెడ్యూల్ ప్రాంతంలో 250 జనాభా ఉన్న ఆవాసానికి అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వేయాలి. ఇప్పుడు మన దారిని చూడండి. గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం వైపు షెడ్యూల్డ్ ప్రాంతపు ఊళ్లు ఉన్నాయి. జనగామ వైపు లేవు. కాబట్టి 300 మంది ఉన్న తండా అడవి అంచున ఉంటే లెక్కలోకి వస్తుంది, అదే 300 మంది తండా దేవరుప్పుల వైపు ఉంటే రాదు. బురద రెండు చోట్లా ఒకటే.

ఇంకో మెలిక ఉంది. ఈ పథకానికి లెక్క ఊరు కాదు, ఆవాసం. కానీ జనగణన పుస్తకంలో రాసేది రెవెన్యూ గ్రామం. ఊరికి రోడ్డు ఉంటే ఆ ఊరి లెక్కలో ఉన్న తండాకు కూడా ఉన్నట్టే కాగితం మీద కనిపించే ప్రమాదం ఉంది. అలాగే దగ్గరదగ్గరగా, అర కిలోమీటరు లోపల ఉన్న రెండు మూడు తండాల జనాభాను కలిపి చూపించుకునే వీలు కూడా నియమాల్లో ఉంది. విడిగా చూస్తే అందని రోడ్డు, కలిపి చూపితే అందవచ్చు. ఇది తెలిసినవాడు తండాలో ఉంటే రోడ్డు వస్తుంది, లేకుంటే రాదు. పథకం నాలుగో దశకు 2024లో కేంద్రం ఆమోదం ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ఆధారంగా దేశంలో 25,000 ఆవాసాలకు, 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలని లక్ష్యం. 2028–29 దాకా సమయం. ఆ 25,000లో మన తండా ఉందా? ఈ ప్రశ్న అడగాల్సింది మీరు.

తండా చుట్టూ అడవి ఉంటే ఫారెస్టు వాళ్లు ఒప్పుకోరని చెప్పి చాలామంది ఇంటికి తిరిగి వస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో ఒక నియమం ఉంది. బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపు, కరెంటు తీగ, రోడ్డు లాంటి 13 సౌకర్యాలకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అడవి భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు చేయాలి. హెక్టారు అంటే రెండున్నర ఎకరాలు. మూడు మీటర్ల వెడల్పు దారి అనుకుంటే మూడు కిలోమీటర్లకు పైగా వస్తుంది. చాలా తండాలకు అంతకన్నా ఎక్కువ అక్కరలేదు. మొదలు గ్రామసభ తీర్మానం. ఆ తీర్మానం రాయడం మీ చేతిలో పని.

2018 ఆగస్టు నుంచి 500 జనాభా దాటిన తండాలు చాలావరకు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. 2019 జనవరిలో మొదటిసారి మన తండాలు మన సర్పంచులను ఎన్నుకున్నాయి. ‘మా తండాలో మా రాజ్యం’ అని ఎన్నో ఏండ్లు అడిగితే వచ్చింది అది. పంచాయతీ వచ్చిందంటే గ్రామసభ వచ్చినట్టే. ఒకప్పుడు నాయక్, కారభారి కూర్చుని దారి నిర్ణయించిన తీరు గుర్తుంది కదా. రైలుతో పోయిన నిర్ణయం కొంతయినా గ్రామసభ రూపంలో తిరిగి వచ్చింది. దాన్ని వాడకపోతే అది సంతకాల పుస్తకంగా మిగులుతుంది.

ఇంకో దారి వస్తున్నది. దాని గురించి చెప్పి ముగిస్తాం. నాగ్‌పూర్–విజయవాడ కారిడార్ పేరుతో 163జి అనే కొత్త నాలుగు వరుసల రహదారి. 2023 జూలై 8న వరంగల్‌లో మంచిర్యాల–వరంగల్ భాగానికి, అదే ఏడాది అక్టోబరు 1న వరంగల్–ఖమ్మం భాగానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. రెండూ 108 కిలోమీటర్ల చొప్పున. ఒకటి భూపాలపల్లి జిల్లాను, ఇంకోటి మానుకోట జిల్లాను తాకుతుంది. దూరం తగ్గుతుంది, లారీకి డీజిల్ మిగులుతుంది. మంచిదే. కానీ దాన్ని యాక్సెస్ కంట్రోల్డ్ రహదారి అంటారు. అంటే ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి, దాటడానికి లేదు. పాత రోడ్డు పక్కన చాయ్ బండి పెట్టుకున్నట్టు, మక్కకంకులు అమ్ముకున్నట్టు దాని పక్కన కుదరదు. తండా ఒక పక్క, చెలక ఇంకో పక్క పడితే, ఎడ్లబండి దాటే అండర్‌పాస్ ఎక్కడ పెట్టారన్నదే బతుకు. అది గీసే రోజున అడగాలి. సిమెంటు పోశాక అడిగితే ఎవరూ వినరు.

ఏ జాతీయ రహదారికైనా భూమి తీసుకునే ముందు ప్రకటన ఇస్తారు. ఆ ప్రకటన వచ్చిన 21 రోజుల్లోపు అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం, పునరావాసం లెక్కలు 2015 నుంచి రహదారి భూములకు కూడా వర్తిస్తున్నాయి. కానీ 21 రోజులు చాలా చిన్న సమయం. పేపర్లో పడ్డ ప్రకటన తండాకు చేరేసరికి సగం రోజులు అయిపోతాయి. పైగా పరిహారం రికార్డులో పేరున్న వాళ్లకు వస్తుంది. మన తండాల్లో ఎన్ని భూములు తెల్లకాగితం మీద కొన్నవి, ఎన్ని ఇంకా చనిపోయిన తాత పేరునే ఉన్నాయి? రోడ్డు వచ్చే రోజు దాకా ఆగకుండా ఈ ఏడాదే మీ ఇంట్లో కాగితాలు తీసి చూడండి. పేరు మార్చుకోవాల్సి ఉంటే ఇప్పుడే మార్చుకోండి.

రోడ్డును మేము కాదనడం లేదు. మనకన్నా ఎక్కువగా రోడ్డును నమ్ముకున్న జాతి ఈ దక్కనులో లేదు. మేము అడిగేది ఒకటే. దారి ఎటు పోవాలో మాట్లాడే చోట మన గొంతు ఉండాలి. రైలు వచ్చినప్పుడు మనల్ని అడగలేదు. ఊరి నుంచి ఊరికి రోడ్డు వేసినప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగాల్సిన చట్టాలున్నాయి. కానీ అడిగినప్పుడు జవాబు చెప్పడానికి మన దగ్గర కాగితం, లెక్క, జ్ఞాపకం మూడూ ఉండాలి.

అందుకే ఈ ఎండాకాలం సెలవుల్లో మీకు ఒక పని అప్పజెబుతున్నాం. తండాకు నలుగురు చొప్పున జట్టు కట్టండి. ఇద్దరు అమ్మాయిలు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే బావి దారి, కట్టెల దారి, బడి దారి ఆడపిల్లలకు తెలిసినంతగా మనకు తెలియవు. ఒక నోటుబుక్కు తీసుకోండి. మొదటి పేజీలో మీ తండా పేరు, ఇండ్లు ఎన్ని, మనుషులు ఎందరు, తారు రోడ్డుకు ఎన్ని అడుగులు, మధ్యలో వాగులెన్ని, వానకాలం ఎన్ని రోజులు దారి మూసుకుపోయింది అన్నవి రాయండి. రెండో పేజీలో పక్క తండాలు ఎంత దూరంలో ఉన్నాయో రాయండి. మూడో పేజీ నుంచి మీ తండాలో అందరికన్నా పెద్దమనిషి దగ్గర కూర్చోండి. గోర్ బోలీలోనే అడగండి. మన ఎడ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎక్కడ నీళ్లు తాగాయి, ఈ జాగాలో ఎందుకు దిగాం, ఇక్కడికి ముందు ఎక్కడున్నాం. వాళ్ల మాటలు వాళ్లు చెప్పినట్టే తెలుగు అక్షరాల్లో రాయండి. ఫోనులో రికార్డు కూడా చేయండి.

మొదటి రెండు పేజీలు గ్రామసభకు పనికొస్తాయి. మిగతా పేజీలు మీ పిల్లలకు పనికొస్తాయి. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఉన్న తండాల నోటుబుక్కులన్నీ పక్కపక్కన పెడితే మన దారి పటం తయారవుతుంది. ఆ పటంలో పడమటి తండా ఎవరికో పడమర అని ఉండదు. దాని నుంచి ఊరు ఎటుందో, రోడ్డు ఎటుందో, అడవి ఎటుందో ఉంటుంది.

వచ్చే ఉత్సవానికి రండి. వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు చేతిలో పట్టుకుని రండి.

జై సేవాలాల్.